నీళ్లెక్కువైనా బతికే చెట్టు

పిన్నీ,

నీ నర్సరీకి వచ్చేవాళ్లంతా నీళ్లు పోయకపోయినా బతికే చెట్టు కావాలంటారని చెప్పావు కదా. నాకు నీళ్లెక్కువైనా వేరు కుళ్లని చెట్టు పంపు, ఇంట్లో పెరిగేది. నువ్విచ్చిన రబ్బరు చెట్టు చచ్చిపోయింది. పోసిన సంగతి మరిచిపోయి అమ్మ మళ్లీ మళ్లీ నీళ్లు పోసింది. వద్దంటే చిన్నపిల్లలా ఏడుస్తోంది, ఆపడానికి నాకు మనసొప్పడం లేదు.

నిన్న ఆ మోడుకే నీళ్లు పోస్తూ నన్ను చూసి, "ఎవరమ్మా నువ్వు? కూర్చో. మా పాప బడి నుంచి వచ్చే వేళైంది" అంది. "నేనేనమ్మా నీ పాపని" అనబోయాను. ఆ ముఖంలో సంతోషం చూసి, పక్కన కూర్చుని, అమ్మతో పాటు నేనూ చీకటి పడేదాకా గుమ్మం వైపు చూశాను.

నీ అక్క కూతురు