గువ్వ కూసిన గుండె

మన గువ్వ వాళ్ళమ్మకు,

నేను ఇక్కడ కులాసా. నువ్వూ, అమ్మాయీ, అల్లుడుగారూ, పిల్లలూ అక్కడ కులాసాగా ఉన్నారనుకుంటూ రాస్తున్నాను. నీ ఉత్తరం అందింది. చాలాసార్లు చదివాను. రాయడం నాకు కష్టం, మాట్లాడటం అంతకన్నా కష్టం. నీకు తెలియనిది కాదు.

అడిగినవాటికి ముందు జవాబు చెబుతాను. కుళాయి బాగుచేయించాను. బాగుచేసినవాడు గుమ్మం దాటగానే మళ్ళీ కారడం మొదలైంది. కింద బకెట్టు పెట్టాను. మాత్రలు మరవడం లేదు. తాళం వేశాక లాగి చూస్తున్నాను. నీ మోకాళ్ళకు అమ్మాయి కాపడం పెడుతోందో లేదో నువ్వు రాయలేదు. మొహమాటానికి పోయి మేడ మెట్లు ఎక్కకు.

ఇక నువ్వు చివర రాసిన సంగతి. "మన గువ్వగాడి గుండెను తెచ్చి, వాణ్ణి పూడ్చిన చోటే మట్టిలో పెట్టేదాకా నేను ఆ ఇంటి గడప తొక్కను, మీరూ నాకు మొహం చూపించకండి" అన్నావు. వాడు పాఠాలు చెప్పిన మెడికల్ కాలేజీకి వెళ్ళాను. జరిగింది జరిగినట్టు రాస్తాను. మధ్యలో ఆపి అమ్మాయి చేతికివ్వకు. చివరిదాకా నువ్వే చదువు.

తన గుండెను పాఠానికి ఉంచమని వాడు ముందే చెప్పిపెట్టాడు. వాడు పోయిన రోజు నీకు ఒంటిమీద తెలివి లేదు. డాక్టర్లు నన్నడిగితే తల ఊపాను. ఆ సంగతి నీకు చెప్పిన దగ్గర్నుంచి నువ్వు నాతో సరిగ్గా మాట్లాడలేదు. కన్నదానివి, నిన్ను తప్పుపట్టను. గుండె ఉన్న జాడీకి చుట్టమని నువ్వు పంపిన పాత చీరను మడతపెట్టి గుడ్డసంచిలో పెట్టుకున్నాను. బస్సులో సంచిని కింద పెట్టబుద్ధి కాలేదు.

వాడి జ్ఞాపకార్థం పెట్టిన సభకు ముందు నన్ను ప్రిన్సిపాల్ గారి గదిలో కూర్చోబెట్టారు. మనవాడి తర్వాత వాడి కుర్చీలోకి వచ్చిన మేడమ్ కూడా అక్కడే ఉంది. నాకు చుట్టూ తిప్పి చెప్పడం రాదు. మా అబ్బాయి గుండెను తీసుకెళ్ళడానికి వచ్చానన్నాను. ఆమె మొహం పాలిపోయింది.

"సార్ కోరి ఇచ్చింది నాన్నగారూ. మీరు తీసుకెళ్తే ఆయన మాట కొట్టేసినట్టే కదా" అంది.

"వాళ్ళమ్మ నిద్రపోవడం లేదమ్మా" అన్నాను.

ప్రిన్సిపాల్ గారు చాలాసేపు బల్లమీది గాజుబిళ్ళను తిప్పుతూ కూర్చున్నారు. చివరికి, కన్నవాళ్ళు అడిగితే కాదనలేనని, సభ అయ్యాక తీసుకెళ్ళమని అన్నారు. మేడమ్ లేచి వెళ్ళిపోయింది. నేను గెలిచానే గానీ, ఏదో ఎత్తుకుపోవడానికి వచ్చినవాడిలా తలవంచుకుని కూర్చున్నాను.

సభలో హాలు పట్టనంత మంది. తలనెరిసిన డాక్టరొకాయన లేచి, మనవాడు తనను రెండుసార్లు ఫెయిల్ చేశాడని, మూడోసారి వాడే పక్కన కూర్చుని తెల్లారేదాకా చదివించాడని, ఆ కోపం ఇంకా చల్లారలేదని చెప్పి ఏడ్చాడు. ఇంకొకాయన, మనవాడు జేబులో కలమనుకుని సుద్దముక్క తీసి హాజరుపట్టీలో సంతకం పెట్టబోయేవాడని చెబితే అందరూ నవ్వారు. నన్నూ మాట్లాడమన్నారు. లేచి దండం పెట్టి కూర్చున్నాను. నా చూపంతా తలుపు మీదే. ఎప్పుడు అయిపోతుందా, ఎప్పుడు సంచి నింపుకుని బయటపడతానా అని.

అయ్యాక మేడమ్ వచ్చి, రండి అన్న ఒక్కమాటే అని ముందు నడిచింది. పొడవాటి గది. గోడల నిండా అరలు, అరల నిండా గాజు జాడీలు. మందు వాసనకు కళ్ళు మండాయి. వాసన వల్లే అని మేడమ్‌తో అన్నాను. ఆమె అడగనే లేదు.

లోపల విద్యార్థులు కొందరు నిలబడి ఉన్నారు. సార్ నాన్నగారు వస్తున్నారని ఆగారట. అందులో ఒకమ్మాయి అరలోంచి ఒక జాడీని రెండు చేతులా దించింది. లోపల నల్లబడ్డ ఊపిరితిత్తి. ఆ పిల్ల దాని జబ్బు పేరు చెప్పలేదు.

"ఈయన బస్సు కండక్టరు తాతగారూ. చిల్లర బాకీపడితే మర్నాడు వెతుక్కుని ఇచ్చేవారు" అంది.

ఇంకొకటి దించింది. "ఈవిడ ఇస్త్రీ కొట్టు నడిపారు. ఇస్త్రీ చేస్తున్నంతసేపూ పాడేవారు."

అది మనవాడు పెట్టిన పద్ధతట. జాడీ వచ్చిందంటే అందులోని అవయవం ఎవరిదో వాళ్ళ ఇల్లు వెతుక్కుంటూ వెళ్ళి, ఆ మనిషి బతికుండగా ఎలాంటివాడో ఒక్క ముక్క అడిగి వచ్చేవాడట. ఆ ముక్క చెప్పకుండా ముందే జబ్బు పేరు చెప్పినవాణ్ణి బయట నిలబెట్టేవాడట. సెలవు రోజుల్లో ఇంటికి రాకుండా ఎక్కడ తిరుగుతున్నావురా అని నువ్వు తిట్టేదానివి. తిరిగింది ఇందుకు.

ఆ పిల్ల చివరి అర దగ్గర ఆగింది. అక్కడున్న జాడీని దించలేదు. వేలితో చూపించింది.

"ఇది సార్‌ది. సోమవారం కొత్త బ్యాచ్ వస్తుంది. వాళ్ళకు ఏం చెప్పాలో మాకు తెలీదు తాతగారూ. అందరి గురించీ చెప్పారు గానీ, తన గురించి ఒక్క ముక్క చెప్పలేదు."

నేను ఎందుకు వచ్చానో ఆ పిల్లకు తెలియదు. తెలిసిన మేడమ్ గుమ్మంలో నిలబడి నేల చూస్తోంది. సంచి నా చేతిలో ఉంది. తీసుకెళ్తానని అంటే అయిపోయేది. నలుగురిలో నోరు విప్పడమంటే నాకు ఎలా ఉంటుందో నీకు తెలుసు. ఎలా వచ్చాయో తెలియదు, ఈ మాటలు వచ్చాయి.

"వీడికి చిన్నప్పుడు కీళ్ళ జ్వరం వచ్చి తగ్గింది. తగ్గాక వాళ్ళమ్మ రోజూ వీడి ఛాతీ మీద చెవి పెట్టేది. లోపల గువ్వ కూస్తోంది అనేది. నేనూ చెవి పెట్టాను. నాకేం వినపడలేదు. నీ భ్రమ అన్నాను. ఊరుకోలేదు, డాక్టరు దగ్గరికి ఎత్తుకెళ్ళింది. ఆ జ్వరం గుండెను దెబ్బతీసిందని, ఆవిడ విన్న చప్పుడు నిజమేనని అన్నాడాయన. అప్పట్నుంచి ఇంట్లో వీడి పేరు గువ్వ."

ఆ అమ్మాయే ఒకడుగు ముందుకొచ్చి అంది. "గుండెలో ఆ చప్పుడు గురించి చెప్పినప్పుడల్లా సార్ గువ్వ కూత అనేవారు. ముందు ఎవరు విన్నారు సార్ అంటే, మా ఇంట్లో పెద్ద డాక్టరుంది అనేవారు. మేం నిజంగానే ఎవరో డాక్టరమ్మ అనుకున్నాం."

సంచిలో జాడీ లేకుండానే వచ్చాను. చీర మడత విప్పలేదు. నన్నెవరూ బతిమాలలేదు, బలవంతపెట్టలేదు. నేనే వదిలేసి వచ్చాను. నువ్వు చెప్పిన మాట దాటాను.

ప్రిన్సిపాల్ గారిని మళ్ళీ కలిశాను. ఎప్పుడు అడిగినా ఇస్తామన్నారు. కాబట్టి నా మాటతో ఇది తెగలేదు. నువ్వు ఒక్కసారి రా. ఇంటికి రానంటే సరే, బస్టాండు నుంచి తిన్నగా అక్కడికే పోదాం. చూశాక కూడా తెచ్చేద్దామంటే నేను మారు మాట్లాడను. సంచి గుమ్మం పక్క మేకుకే ఉంది.

ఇంకొక్కటి. రాయడానికి సిగ్గుగా ఉంది. అందరూ వెళ్ళాక మేడమ్‌ని అడిగి కాసేపు ఒక్కణ్ణే ఉన్నాను. నువ్వు పెట్టినట్టే ఆ గాజుకు చెవి ఆనించాను. చల్లగా ఉంది. నాకేమీ వినపడలేదు. అయినా నాకు అప్పుడు మాత్రం ఏం వినపడింది కనుక. నువ్వు రా.

ఇట్లు,
గువ్వ నాన్న