నోట్లో దారం ఉండగా ఇచ్చిన అంగీకారం

కార్యాలయాల తరలింపు అధికారి వారి సముఖానికి,
జనన మరణాల రికార్డు కార్యాలయం, కింది అంతస్తు కుట్టు గదిలో చిరిగిన రిజిస్టర్లు కుట్టే తాత్కాలిక ఉద్యోగిని రాసుకొను అర్జీ.

అయ్యా,

(తమరి గది తలుపు మీద హోదా మాత్రమే రాసి ఉంది. లోపల ఉన్నది అయ్యగారో అమ్మగారో తోసి చూసే ధైర్యం నాకు చాలలేదు. అమ్మగారైతే ‘అమ్మా’ అని చదువుకోగలరు.)

విషయం: సర్వేలో నా తరఫున నమోదైన ‘సంతోషంగా అంగీకరించారు’ అనే మాటను కొట్టివేయుట గురించి, కొత్త ఊరి కుట్టు గదికి రెండో సూది మంజూరు చేయుట గురించి.

1. నేను బడిలో చదివింది ఐదో తరగతి వరకే. మిగతా చదువంతా కుట్టుకు వచ్చిన రిజిస్టర్ల మీద చదివింది. అందుచేత ‘పైన ఉదహరించిన’, ‘ఇందుమూలముగా’ లాంటి మాటలు బాగానే వచ్చు. పక్కింటావిడను ఒక గిన్నె ఇమ్మని అడగడం మాత్రం రాదు. మా అత్తగారు నాకు ‘సరేనమ్మ’ అని పేరు పెట్టారు. ఈ అర్జీలో భాష ఎక్కడైనా బిగుసుకుపోతే ఆ తప్పు రిజిస్టర్లది, వదులైతే నాది.

2. మా కార్యాలయాన్ని నూలు మిల్లు ఊరికి తరలిస్తున్నట్టు ఉత్తర్వులు వెలువడినవి. అక్కడి మిల్లు మూతపడి ఆరేళ్లయినందున ఆ ఊరివారికి పని దొరకాలని పెద్దలు తలచారట. మా ఊరి నోటి దగ్గర కూడు లాక్కుని వాళ్లకు పెడుతున్నారని ఇక్కడ అందరూ అంటున్నారు. ఆరేళ్లు ఖాళీగా ఉన్న నోరు ఎలా ఉంటుందో ఎవరూ అనడం లేదు. కాబట్టి తరలింపు ఆపమని నేను అడగడం లేదు. నేను ఆగమంటే ఆగిపోయే వస్తువు మా ఇంట్లో గడియారంతో సహా ఏదీ లేదు.

ఉత్తర్వుల ప్రకారం పర్మినెంటు ఉద్యోగులు పద్నాలుగు మంది ఆ ఊరికి వెళ్తారు. వారిలో పై అంతస్తు రికార్డు గుమాస్తా, అనగా నా భర్త, ఒకరు. నాలాంటి తాత్కాలికుల పనులు అక్కడివారికే ఇస్తారు.

3. సర్వే గురించి. గత నెల పదకొండో తేదీ ఉదయం సర్వే మేడమ్ గారు తరలింపు మీద మా అభిప్రాయం రాసుకోవడానికి మా గదికి వచ్చారు. అప్పుడు నేను ఒక మరణాల రిజిస్టరు కుడుతున్నాను. మా గది పద్ధతి ఏమంటే, మైనం పూసిన దారం కొసను పళ్ల మధ్య పట్టి, రెండు చేతులతో కాగితాలు అదిమి, తలతో లాగి బిగించాలి. చేత్తో లాగితే దారం కాగితాన్ని కోసేస్తుంది. తలతో లాగితే ఎక్కడ ఆపాలో మెడకు తెలుస్తుంది. నాకు పని నేర్పిన ముసలి మేస్త్రికి చివరి రోజుల్లో పళ్లు పోయి, నన్ను పక్కన కూర్చోబెట్టుకుని నా పళ్లతో కుట్టించేవాడు. ఈ పద్ధతి వల్ల కుట్టుకొకసారి తల పైకి లేచి కిందికి దిగుతుంది. కొత్తగా చూసినవారికి దేనికో ఒప్పుకుంటున్నట్టే ఉంటుంది.

ఆఫీసు తరలిపోతున్న సంగతి తెలుసు కదా అని మేడమ్ గారు అడిగారు. నేను నాలుగో బెజ్జం దగ్గర ఉన్నాను. తల ఊగింది. నా పని అక్కడివారికి ఇస్తే నాకు అభ్యంతరం లేదు కదా అని అడిగారు. ఐదో బెజ్జం. తల ఊగింది. ఈ రెండూ వృత్తిరీత్యా జరిగినవి గనుక చెల్లవని మనవి.

మూడోదాని గురించి అబద్ధం చెప్పను. ఇదంతా సంతోషమే కదా అని ఆవిడ అడిగేసరికి నా నోట్లో దారం లేదు. ముడి వేయడం కూడా అయిపోయింది. అప్పుడు ఊగింది నా సొంత తల. ఆవిడ చెప్పు తెగి, చెమటలు కారుతూ, ఒంటికాలి మీద నిలబడి ఉన్నారు. కాదంటే ఎందుకని అడుగుతారు. ఎందుకని అడిగితే చెప్పాలి. దానికంటే సంతోషంగా ఉండటమే తేలిక అనిపించింది. పైగా తెగిన చెప్పును రిజిస్టర్లు కుట్టే దబ్బనంతోనే కుట్టి ఇచ్చాను. దాన్ని కూడా నా సంతోషం కిందే రాసుకుని ఉంటారు.

4. ఆ సర్వే కాగితాన్ని నోటీసు బోర్డు మీద అంటించారు. నా భర్త భోజనాల వేళ అందరితో పాటు నిలబడి చదివారు. సాయంత్రం ఇంటికి వచ్చి, చొక్కా కూడా విప్పకుండా, “నాతో ఒక్క మాట అనకుండా ఒప్పుకున్నావా?” అన్నారు.

నేను తల ఊపాను. విన్నాను అని నా ఉద్దేశం.

ఆయన అరిచే మనిషి కాదు. అరిస్తే బాగుండేది, ఆ సందట్లో నేను కూడా ఏదో ఒకటి అనేదాన్ని. రెండు రోజులు మాట్లాడలేదు. మూడో రోజు ఆయన పెట్టె సర్దుతూ, ఏడవకూడదని గట్టిగా అనుకుని నవ్వు ముఖం పెట్టాను. ఆయన గుమ్మంలో నిలబడి ఆ ముఖం చూసి, రుజువు దొరికినట్టు బయటికి వెళ్లిపోయారు. నా ముఖానికీ నాకూ మొదటి నుంచీ పొత్తు కుదరలేదు.

ఇందులో అసలు కష్టం ఇది. ఆ ఊళ్లో సిబ్బందికి ఇళ్లు లేవు. మిల్లు గోదాములను రెండుగా చేసి, ఒకదాంట్లో మగవారికి, ఒకదాంట్లో ఆడవారికి మంచాలు వేశారు. సిబ్బంది కాని వారికి ప్రవేశం లేదు. కుటుంబాలకు క్వార్టర్లు ‘నిధులు మంజూరైన పిమ్మట’ కడతారట. ఈ మాట ఉన్న ఫైళ్లు నేను ఇదివరకు కుట్టాను. వాటి దారం అప్పటికే రెండుసార్లు పాతబడి తెగింది, క్వార్టర్లు మాత్రం రాలేదు. నాకు అక్కడ పని ఉంటే ఆవరణకు ఈ చివర ఆయన, ఆ చివర నేను ఉంటాం. పని లేకపోతే మధ్యలో మూడు బస్సులు. పెళ్లయి రెండేళ్లయింది. ఆయన ముందు మాట పూర్తిగా బయటికి రావడం నాకు ఇప్పుడిప్పుడే అలవాటవుతోంది. ఇక్కడ ఆపితే మళ్లీ మొదటి నుంచి మొదలుపెట్టాలి.

5. నా స్థానంలో నియమించిన అమ్మాయికి పది రోజుల్లో పని నేర్పమని హెడ్ గుమాస్తా గారు చెప్పారు. సరే అన్నాను. ఆమెను ద్వేషిద్దామని ముందు రోజే సిద్ధపడ్డాను. అది కూడా చేతకాలేదు. వచ్చిన అరగంటకే నన్ను అక్కను చేసుకుంది. వాళ్ల అమ్మా నాన్నా ఇద్దరూ మిల్లులో పనిచేసినవారే. ఈమెకు ఉద్యోగం వచ్చిందని తెలిసి వీధిలో వాళ్లంతా ఆ కాగితం చూడటానికి ఇంటికి వచ్చారట, ఒకావిడ చేతులు కడుక్కుని మరీ ముట్టుకుందట. ఇంత చెబుతూ ఒక్క కుట్టు కూడా వేయలేదు. దారం పళ్ల మధ్య పెడితే మాట ఆగుతుందని ఆశపడ్డాను. దారంతోనే మాట్లాడింది.

మూడో రోజు నా మేజా సొరుగులో నా దువ్వెన, నా గ్లాసు చూసి, ఇవి ఎవరివి అని అడిగింది. నావే అన్నాను. రెండింటినీ ఉన్నచోటే పెట్టి సొరుగు మూసింది.

“ఖాళీ పోస్టు అన్నారక్కా. అందులో నువ్వున్నావని ఎవరూ చెప్పలేదు.”

ఆ వారం ఇద్దరం కలిసి నాలుగు రిజిస్టర్లు కుట్టాం. ఒక్కదాన్నే అయితే రెండు కుడతాను.

6. కావున తమరిని ప్రార్థించునది:

(అ) సర్వే కాగితంలో ‘సంతోషంగా’ అనే మాట కొట్టివేసి, ఆ కొట్టివేతను కూడా నోటీసు బోర్డు మీద, నా భర్త ఎత్తుకు అందేటట్టు అంటించగలరు.

(ఆ) ఆ అమ్మాయి ఉద్యోగం ముట్టుకోకుండా, కుట్టు గదికి రెండో సూదిని, అనగా నన్ను, మంజూరు చేయగలరు. చిరిగిన రిజిస్టర్లు మొత్తం వెయ్యి నూట నలభై. మూడేళ్లలో నేను బాగుచేసినవి మూడు వందల పైచిలుకు. మిగిలినవాటికి ఒక మనిషైతే ఎనిమిదేళ్లు, ఇద్దరైతే నాలుగు. ఆ అమ్మాయి మాట్లాడే తీరును బట్టి ఐదు అనుకోవచ్చు. తాత్కాలికంగానే ఉంచండి. తాత్కాలికంగా ఉండటం నాకు బాగా వచ్చు.

(ఇ) ఒక ఊరికి పని ఇవ్వడం మంచిదే. ఇచ్చే ముందు ఆ పనిలో అప్పటికే ఎవరు కూర్చుని ఉన్నారో ఒకసారి సొరుగు తీసి చూడమని, ఇకముందు వెళ్లే సర్వేవారికి చెప్పగలరు. ఇది నా ఒక్కదాని కోసం అడుగుతున్నది కాదు. అయినా నా కోసమే.

ఇంత పొడుగు మాట నేను ఎవరితోనూ ఎప్పుడూ అనలేదు. ఇంతవరకు చదివారంటే సగం చిత్తగించినట్టే. మిగతా సగం కూడా చిత్తగించవలెనని వేడుకొనుచు,

తమ విధేయురాలు,
కుట్టు గది, కింది అంతస్తు.

నకలు: రికార్డు గుమాస్తా గారికి, పై అంతస్తు. సమాచారం నిమిత్తం. నాలుగో అంశం రెండుసార్లు చదవగలరు.

తా.క.: సామాను లారీ గురువారం బయలుదేరుతుంది. తమరి జవాబు ఆ లోపల రాకపోతే, కుట్టు గది చిరునామాతో పాటు అదీ ఆ ఊరికే వెళ్తుంది, అమ్మాయి చేతిలో పడుతుంది. విప్పి చదివి ఫోను చేయమని చెప్పాను. కాదని రాసి ఉంటే ఎలా చెప్పాలక్కా అని అడిగింది. ముందు భోజనం చేశానో లేదో అడుగు, చేశానంటే చెప్పు అన్నాను. ఆ ఒక్క పూటకు చేయలేదని అబద్ధం చెబుదామని ఉంది.