దారమంత ధార

మార్చి 3
యావన్మందికీ తెలియజేయడమేమనగా, మా బాత్రూమ్ హీటర్ రాడ్ నేటితో పదవీ విరమణ చేసింది. రేపటి నుంచి ట్యాంకు లేని గ్యాస్ గీజర్ అధికారంలోకి వస్తుంది. ప్రజలు సహకరించాలి.
ఇదంతా అమ్మ భుజం కోసం. బిగుసుకుపోయింది. కుడిచెయ్యి పైకి లేవదు. రోజూ పావుగంట వేడినీళ్ల ధార పడితే పట్టు వదులుతుందని డాక్టరు అన్నాడు.

మార్చి 4
గీజర్ బిగించడానికి ఒకావిడ వచ్చింది. ప్లంబరమ్మ అని పేరు పెట్టాను. ఆమె సామాను సంచిలో రబ్బరు తేలు వేశాను. తీసి నా చొక్కా జేబులో పెట్టి, మీ చుట్టం దారి తప్పినట్టుందండీ అంది. మా ఆవిడ పడీపడీ నవ్వింది.
గీజర్‌ను బయటి గోడకు బిగించింది. ప్రతి జాయింటుకీ సబ్బు నురగ రాసి, గ్యాస్ లీకై బుడగ లేస్తుందేమోనని కళ్లార్పకుండా చూసింది. నా ఎక్స్‌రేని కూడా ఎవరూ అంత శ్రద్ధగా చూడలేదు.

మార్చి 5
చన్నీళ్లు! అమ్మ కేక వీధి చివరిదాకా వెళ్లింది.

మార్చి 6
ఫోన్లో ప్లంబరమ్మను నోటికొచ్చినట్టు తిట్టాను. వచ్చింది. మిషన్ ముట్టుకోలేదు. పెద్దమ్మా, మీరే ఓసారి కుళాయి తిప్పండి అంది. అమ్మ అలవాటుగా దారమంత తిప్పింది. అమ్మ రాజ్యంలో కుళాయి పూర్తిగా తిప్పడం నేరం.
నీళ్ల జోరు చాలకపోతే లోపల మంట వెలగదట. పైగా మేం వేడి అరవై డిగ్రీల్లో పెట్టి చన్నీళ్లు కలుపుతున్నాం, దాంతో వేడి ధార ఇంకా సన్నబడుతోందట. నలభై రెండుకు దించింది. ఇక ఏమీ కలపకుండా వేడి కుళాయి ఒక్కటే బాగా తిప్పమంది. ఏం బుర్ర! సారీ చెప్పాను. నా జన్మలో అది రెండోది.

మార్చి 8
అమ్మ వినదు. అన్ని నీళ్లు పారబొయ్యడమా, నా భుజం పోతే పోనీ అంటోంది. ఇవాళ చెంచా కూడా ఎడమచేత్తోనే. చూడలేకపోయాను.

మార్చి 9
ప్లంబరమ్మ ఫోన్ చేసింది. సన్నగా తిప్పితే గీజర్ ఏడాదిలో పాడైపోతుందట. అలా పాడైనవి ఆమె పదకొండు చూసిందట. అమ్మకు చెప్పి లాభం లేదు, నా మాట నమ్మదు. ఇక్కడ రాసి పెడుతున్నాను.

మార్చి 10
బాత్రూమ్‌లో ధార హోరు. పావుగంట.

మార్చి 29
అమ్మ తన జడ తనే వేసుకుంది. వంకరగా ఉంది. ఎంత బాగుందో! పనిమంతురాలంటే ఆ ప్లంబరమ్మేరా అని నాతో అంది. నిజమే.

మార్చి 30
ఇవాళ్టి నుంచి డైరీ బీరువా పైన. దీన్ని చాటుగా చదివే అమ్మ చెయ్యి ఇంకా అంత ఎత్తుకు లేవదు.
ప్లంబరమ్మ ఫోన్ రానే లేదు. పదకొండు గీజర్లూ నావే.