రెండు బొమ్మల మధ్య చీకటి

చిరంజీవి తమ్ముడికి అన్నయ్య ఆశీస్సులు. గుండు గీయించుకుని బౌద్ధారామంలో చేరినవాణ్ణి ఆశీర్వదించాలో, వంగి దండం పెట్టాలో నాకింకా తేలలేదు. ఈసారికి రెండూ పుచ్చుకో. మీ వదినా నేనూ క్షేమం. నువ్వూ క్షేమమని రాయబోతే కలం ఆగింది. "నువ్వు" అనేవాడే లేడని పోయిన ఉత్తరంలో పేజీలకు పేజీలు రాశావు కదా. అందుకని, అక్కడ ఎవరుంటే వాళ్లు క్షేమమని తలుస్తాను.

నా మోకాలి నొప్పి అడిగావు. తగ్గింది, రెండో మోకాలికి మారింది. మీ వదిన చూపు ఇక పోయినట్టే. కిటికీ ఎటుందో వెలుగును బట్టి పోల్చుకుంటుంది, అంతే. పొద్దున్నే నా చెయ్యి పట్టుకుని పార్కుదాకా నడుస్తుంది. దారిలో కనబడేవన్నీ నేను చెబుతుంటాను, మేడల మీద ఆరేసిన బట్టలతో సహా. ఆమధ్య తెల్లగుర్రం పోతోందని చెబితే నవ్వి ఊరుకుంది. నేను మాత్రం చూశాననే అంటాను. ఇక ఫోన్లో మాట మధ్యలో ఆగిపోయానన్నావు. లైను పోయి ఉంటుంది.

నీ అసలు ప్రశ్నకు వస్తాను. "నేను అనేది వట్టి భ్రమంటే ఒప్పుకుంటావా అన్నయ్యా?" అని కదూ. ఒరేయ్, నలభై ఏళ్లు సినిమాహాల్లో ప్రొజెక్టర్ నడిపినవాణ్ణి. భ్రమే నాకు అన్నం పెట్టింది. మనిషంటే క్షణక్షణం మారే స్కంధాల కుప్ప అని నువ్వంటావు, నేను బొమ్మలంటాను. తెరమీద హీరో పరుగెత్తడు. సెకనుకు ఇరవైనాలుగు బొమ్మలు, ఒక్కోటీ కదలక మెదలక నిలబడ్డ బొమ్మ. ఒకటి దిగి ఇంకోటి వచ్చేలోగా షట్టరు రెక్క అడ్డం తిరిగి హాలంతా చీకటి చేస్తుంది. అంటే టికెట్టు కొన్న జనం దాదాపు సగం సేపు చీకట్లోనే కూర్చుంటారు. ఆ చీకటి సంగతేమిటని ఒక్కడూ వచ్చి నిలదీయలేదు.

నాకు ప్రొజెక్టర్ నేర్పిన గురువు, బుర్రమీసాలాయన నీకు గుర్తుండే ఉంటాడు. ఒకసారి ఆయన జలుబు తలభారంలో రీళ్ల డబ్బాలు తారుమారు చేశాడు. తల్లి పోకముందే హీరో ఆమె పటం ముందు కూలబడి ఏడ్చాడు. ఏడ్చి కళ్లు తుడుచుకున్నాక తల్లి నవ్వుతూ వచ్చి, అన్నానికి ఆలస్యమైందని కొడుకును తిట్టింది. ఇంక కుర్చీలు లేస్తాయని మేం క్యాబిన్ తలుపు గడియపెట్టుకుని కూర్చున్నాం. ఆట వదిలాక ఒక పెద్దమనిషి మెట్లెక్కి వచ్చాడు. "తల్లి పోతుందని కొడుక్కి ముందే మనసులో తట్టింది చూశారా, అదీ దర్శకత్వమంటే" అని గురువుగారి చెయ్యి పట్టి ఊపి మరీ వెళ్లాడు.

ఆ పెద్దమనిషిలాంటివాడే మళ్లీ నాకు లైబ్రరీలో, మెదడు గురించిన పుస్తకంలో ఎదురయ్యాడు. మూర్ఛలు తగ్గడానికి కొందరికి మెదడు రెండు సగాల మధ్య వంతెన కోసేశారట. మాటలు రాని కుడి సగానికి మాత్రమే కనబడేట్టు "లేచి నడువు" అని రాసి చూపించారు. మనిషి లేచాడు. ఎక్కడికయ్యా అని అడిగితే, ఆ ఆజ్ఞ చూడనే చూడని ఎడమ సగం తడుముకోకుండా, దాహమేసింది, తాగడానికేదైనా తెచ్చుకుంటానందట. అబద్ధమాడలేదు తమ్ముడూ, మనస్ఫూర్తిగా నమ్మి చెప్పింది. రీళ్లు ఎలా వేసినా సరే, కథ కుట్టేసేవాడొకడు మనందరి బుర్రలోనూ ముందు వరసలో కూర్చున్నాడన్నమాట.

ఇక్కడిదాకా రాసి రెండుసార్లు లేచాను. కిటికీ వేశాను, మళ్లీ తీశాను. కాలుగాలిన పిల్లిలా ఆ తిరుగుడేమిటి, కుర్చీకి ముళ్లున్నాయా అని మీ వదిన అడిగింది. ఇక నాన్చకూడదు. ఆ రోజు లైను పోలేదు. నేనే పోయాను.

కొన్నాళ్లుగా ఇలా అవుతోంది. గ్లాసులోకి టీ వంపుతూ ఉంటాను. తర్వాతి బొమ్మలో టీ చల్లారి ఉంటుంది, నా చేతిలో మడతపెట్టిన తువ్వాలుంటుంది. మధ్యది లేదు. అది నిద్రా కాదు, కలా కాదు. తువ్వాలు ఎందుకు తీశానో మాత్రం నోరు వెంటనే చెప్పేస్తుంది, నేనూ నమ్మేస్తాను. మొదట్లో కొంచెం గర్వపడ్డాను కూడా. నువ్వు ఏళ్ల తరబడి కళ్లు మూసుకుని వెతుకుతున్నది నాకు వంటింట్లో ఊరికే దొరికిందని.

ఆ గర్వం పోయినవారం దిగింది. పెద్దరోడ్డు దాటడానికి ఇద్దరం నిలబడ్డాం. నేను ఎర్రదీపం చూస్తున్నాను. తర్వాతి బొమ్మ అవతలి గట్టున మందుల షాపు మెట్టు. మీ వదిన చెయ్యి నా చేతిలోనే ఉంది. నేను వెంటనే మొదలుపెట్టాను. లారీ దూసుకొస్తే ఎలా ఆగానో, స్కూటరువాణ్ణి ఎలా కసిరానో, సందు చూసి ఆమెను ఎలా దాటించానో. అంతా శ్రద్ధగా విని తలూపింది.

"బాగానే దాటించారు. లారీ ఒక్కటే రాలేదు."

"మరి ఎవరు దాటించారే?"

"నేనే. మీ మాట ఆగింది, చెయ్యి బిగుసుకుంది. బళ్ల చప్పుడు ఆగాక పక్కనున్నావిడ చెప్పుల చప్పుడు వెంట నడిచాను. మీరు బుద్ధిగా వచ్చారు."

"ఇది నీకు ఎన్నాళ్ల నుంచి తెలుసు?"

"మీరు గుర్రాలు చూడడం మొదలుపెట్టినప్పటి నుంచి."

మెట్టుమీద కూలబడ్డాను. తెగిన చోటల్లా నా నోరు గుర్రాన్నో లారీనో అతికిస్తోంది. టీ, తువ్వాలు సంగతి ముందే తెలిసీ నేను డాక్టరు దగ్గరికి ఎందుకు పోలేదంటావా? ఆయన తోడు లేకుండా రోడ్డెక్కొద్దంటాడు. ఆమెకు చూపు లేదు, నాకు నేను లేను, ఇద్దర్నీ గడప దాటనిచ్చేదెవరు? ఆమెకు మిగిలిన లోకమంతా ఆ నడకే. అదే ఆమెతో అన్నాను. ఆమె మెట్టు తడుముకుని నా పక్కన కూర్చుంది.

"మీరు లేనప్పుడు కూడా మీ చెయ్యి నన్ను వదల్లేదు. కానీ ఎప్పుడైనా రోడ్డు మధ్యలో వదిలేస్తే మిమ్మల్ని నేను ఎక్కడని తడుముకోను? డాక్టరు దగ్గరికి పదండి," అంది.

సోమవారం వెళుతున్నాం. ఇదీ ఒక రకం మూర్ఛేనేమో, మాత్రలతో చాలామందికి అదుపులోకి వస్తుందని పుస్తకం అంటోంది.

మీ గురువుగార్ని నా తరఫున ఒక్క మాట అడుగు. చూసేవాడు లేడు, నడిచేవాడు లేడు, సరే. నేను లేని ఆ కాసేపు ఆమె చెయ్యి పట్టుకుని ఉన్నదెవరు? "ఎవరూ లేరు, పట్టుకోవడం మాత్రం ఉంది" అంటారు, నాకు తెలుసు. ఇన్నేళ్లలో మొదటిసారి ఆ మాటతో నాకు పేచీ లేదు. పట్టుకోవడముంటే చాలు, పట్టుకున్నవాడు ఏమైపోయినా సరే. నన్ను కుదురుగా కూర్చోనివ్వనిది ఒక్కటే, ఆ పట్టు కూడా ఏదో ఒక చీకట్లో జారిపోతుందేమోనని.

అందుకని, మాత్రలు పనిచేసేదాకా మా ఇద్దరి మధ్యా నడవడానికి ఒక మనిషి కావాలి. ఆరామంలో సెలవు అడుగు. లేనివాడికి సామానేముంటుంది, ఒక సంచీ తగిలించుకుని వచ్చెయ్. ముందు గదిలో మంచం వాల్చి ఉంచాను. పొద్దున్నే నీ కుడిచెయ్యి మీ వదినది, ఎడమచెయ్యి నాది. దారి నువ్వే చెబుదువుగాని. గుర్రం నిజంగా వచ్చినా నేను నోరెత్తను.

ఇట్లు,
ఈ పూటకు ఉన్న
నీ అన్నయ్య