వంటావార్పు దగ్గర ఆగిన కారు

శుక్రవారం రాత్రి



పొద్దున తెలంగాణ కోసం ఎల్బీనగర్ చౌరస్తాలో వంటావార్పు. కాలనీ ఆడవాళ్లం నడిరోడ్డు మీదే పొయ్యిలు పెట్టాం. ఈరోజే ఉన్న మా అమ్మాయి స్వాతి వైవా మంచిగా జరగాలని నరసింహస్వామికి మొక్కి, మొదటి పొయ్యి నేనే వెలిగించాను. విజయవాడ వైపు నుంచి వచ్చి ఆగిపోయిన కారులో ఒక పెద్దావిడ కనిపిస్తే, జాలేసి పులిహోర తీసుకెళ్లి ఇచ్చాను.

"పదకొండింటికల్లా యూనివర్సిటీలో ఉండాలండీ, కాస్త దారి ఇప్పించరూ?" అందావిడ.

"జర తినుండ్రి మేడం. ఒక్కరోజు ఆగితే ఏమైతది?" అని నవ్వాను.

సాయంత్రం ఇంటికొస్తే స్వాతి మెట్ల మీదే కూర్చుంది. టీవీ తెరల్లో ఉండే లిక్విడ్ క్రిస్టల్స్ ఎలా కదులుతాయో ఏళ్లకేళ్లు లెక్కలు కట్టి పీహెచ్‌డీ రాసింది పిల్ల. వైవా చేయాల్సిన మేడం నిన్ననే వచ్చి దిగిందనుకున్నాను. ఆమె ఈరోజే కారులో బయలుదేరి, దారిలేక వెనక్కి వెళ్లిపోయిందట. వైవా కాకపోతే సోమవారం లెక్చరర్ ఇంటర్వ్యూకు రానివ్వరు.

"ఎల్బీనగర్‌ల ఆపిన్రంట అమ్మా. ఎవరో పులిహోర పెట్టిన్రు గని తొవ్వ ఇయ్యలేదంట. నువ్వు ఆడనే ఉన్నవ్ గదా, చూసినవా?"

చూడలేదన్నాను.

ఆ తర్వాత దేవుడి గదిలోకి వెళ్లలేకపోయాను. దీపం స్వాతే పెట్టింది.