చెయ్యెత్తినావిడ

స్టూడియో నుంచి,
మార్చి 12, మధ్యాహ్నం.

చిరంజీవి పిచ్చుకకి,

నాన్న దీవెనలు. మీ అమ్మ మోకాళ్లు తప్ప తక్కినవాళ్లం క్షేమం. యుద్ధంలో తిరిగే కూతుర్ని తలచుకుంటే నొప్పి పెరుగుతోందట. డాక్టరు మాత్రం బరువు తగ్గమన్నాడు.

భర్త శవం పక్కన కూర్చుని చెయ్యెత్తినావిడని నువ్వు తీసిన ఫోటోనే నీ పుస్తకం అట్ట మీద వెయ్యనా అని అడిగావు. నెలాఖరులోగా చెప్పమన్నావు. పాస్‌పోర్టు ఫోటోలు తీసుకునేవాణ్ని, నాకేం తెలుస్తుంది? అయినా నువ్వు అడిగినందుకు పొద్దుట్నుంచీ కాళ్లు నేల మీద నిలవడం లేదు.

పేపర్లో దాని కింద ‘సాయం కోసం అర్థిస్తున్న ఇల్లాలు’ అని నువ్వు రాసింది చదివి మన వీధంతా కదిలింది. పిల్లికి బిచ్చం పెట్టని మందులషాపాయన కూడా దుప్పట్లు పంపాడు. ఊరంతా చందాలు వేసుకుని అక్కడ గాయపడ్డవాళ్లని తీసుకురావడానికి బస్సు పంపింది. నీ పనిని శవాల వ్యాపారం అనేవాళ్లని చూస్తే నాకు ఒళ్లు మండుతుంది.

సోమవారం ఆ బస్సులో వచ్చినవాళ్లకి గుర్తింపు కార్డుల కోసం ఫోటోలు తీశాను. వాళ్లలో ఆవిడ కూడా ఉంది తల్లీ. చూడగానే పోల్చుకున్నాను. వాళ్ల భాష నాకు రాదు కదా, వెంట వచ్చిన నర్సు ఇద్దరికీ మాట అందించింది. నీ తండ్రినని చెప్పాను. ఆవిడ సంతోషించింది. జుట్టు సర్దుకుని కూర్చుంది. ఈ ఏడాది నేను తీసినవాటిలో అంత బాగా వచ్చిన ఫోటో లేదు.

వేళకి తిను. బూట్లు తడిస్తే మార్చుకో. నీ మీద బెంగగా ఉంది.

నీ నాన్న

తా.క.: పైదంతా మీ అమ్మ చదివింది. ఇది అమ్మ చూడకుండా రాస్తున్నాను. ఆ ఫోటోలో ఆవిడకి నీ తండ్రినని చెప్పలేదమ్మా, నోరు రాలేదు. గోడకి నేను గొప్పగా అతికించుకున్న పేపరు ముక్క ముందు ఆవిడ నిలబడిపోయింది. ఆ చెయ్యి సాయం కోసం ఎత్తలేదట. తియ్యొద్దని ఎత్తిందట. తన మనిషి మొహం లోకం అలా చూడకూడదనుకుందట. భాష రాక నువ్వు పొరబడ్డావు. ఆ ఫోటో లేకపోతే బస్సు వచ్చేది కాదని కూడా ఆవిడే అంది. అట్ట మీద వెయ్యాలో వద్దో చెప్పాల్సింది నేను కాదు. వచ్చే శుక్రవారం కాపీల కోసం వస్తుంది. నువ్వూ రా. ఆ ఫోటో తీసింది నువ్వేనని నువ్వే చెప్పు. నేను పక్కనే ఉంటాను.