మిగిలిన ఇరవై ఎనిమిది నిమిషాలు

కౌన్సెలింగ్ కేంద్రం గుమాస్తాగారికి,

నమస్కారం. నేను మంగళవారం రెండు గంటలకు వచ్చిన మనిషిని. మూడు నెలలుగా మధ్యాహ్నం సరిగ్గా రెండయ్యేసరికి నా గుండె దడదడలాడుతోంది. డాక్టరుగారు పరీక్షలన్నీ చేసి, గుండె గట్టిదే, ఎవరితోనైనా మనసు విప్పి మాట్లాడమన్నారు. నాలుగు చోట్ల వాకబు చేశాను. అక్కడ ఒక గంట మాటలకి మా ఇంటి నెల కూరగాయల డబ్బు చాలదు. మీ దగ్గర కౌన్సెలింగ్ చదువుకుంటున్న పిల్లలు పెద్దవాళ్ల అజమాయిషీలో చూస్తారు కనుక యాభై నిమిషాలకు వందే తీసుకుంటున్నారు. ఆరు వారాలకు సరిపడా కూడబెట్టాను. మీరంతా చల్లగా ఉండాలి.

ఇక అసలు విషయం. సమయం వృథా కాకూడదని నా బాధలన్నీ నంబర్లు వేసి రాసుకొచ్చి చదివాను. ఇరవై రెండు నిమిషాల్లో అయిపోయాయి. మీరు నాకు కేటాయించిన అమ్మాయి నన్నే చూస్తూ కూర్చుంది. నేను లేచి వచ్చేశాను. మిగిలిన ఇరవై ఎనిమిది నిమిషాలు నా పేర జమ వేయగలరు. లెక్క జతచేశాను.

ఇట్లు,
మంగళవారం రెండు గంటల మనిషి

తా.క.: జమ కుదరకపోతే మావారి పేర రాయండి. ఆయన వాడుకోరు, భద్రంగా ఉంటాయి.

*

అమ్మా,

మీ ఉత్తరం అందింది. నిమిషాలు జమ వేసే పద్ధతి మా దగ్గర లేదు. వచ్చినవారు మాట్లాడకపోతే మావాళ్లూ మాట్లాడకుండా వేచి ఉంటారు. మౌనం కూడా ఆ యాభై నిమిషాల్లోకే వస్తుంది. దయచేసి మధ్యలో లేచి వెళ్లకండి.

విధేయుడు,
రికార్డుల గుమాస్తా

తా.క.: మీ లెక్కలో తీసివేత సరిగ్గా ఉంది. మా ఆఫీసులో ఇది అరుదు.

*

గుమాస్తాగారికి,

నమస్కారం. మౌనానికీ ఫీజు ఉంటుందని నాకు తెలియదు. మా ఇంట్లో అది ఉచితంగా దొరుకుతుంది, మావారు పేపరు చదివినంతసేపూ. అయినా మీ పద్ధతి మీది. అందుకని నిన్న రెండు కిలోల బఠాణీకాయలు తెచ్చుకున్నాను. ఈ వారం జాబితా చదవడం కాగానే వొలవడం మొదలుపెట్టాను. అమ్మాయి కాసేపు చూసి, తనూ గుప్పెడు తీసుకుంది. ఒక్క నిమిషం వృథా కాలేదు. మీ సలహాకు కృతజ్ఞురాలిని.

ఇట్లు,
మంగళవారం రెండు గంటల మనిషి

తా.క.: వచ్చేవారం వెల్లుల్లి తెద్దామనుకుంటున్నాను. ఆ గది కిటికీ తెరుచుకుంటుందా?

*

అమ్మా,

మీరు సంతకం చేసిన కాగితం ప్రకారం గదిలో మాటలు రికార్డు చేస్తాం, అమ్మాయికి పాఠం చెప్పే పెద్ద మేడమ్ వింటారు. ఈసారి ఆవిడకి టప్ టప్‌మని ఏదో విరుగుతున్న చప్పుడే వినిపించిందట. కుర్చీ విరుగుతోందనుకుని, మిగతాది వినకుండానే వడ్రంగిని పంపారు. అతను నాలుగు గింజలు ఏరుకొచ్చి చూపించాడు. గదిలోకి కూరగాయలు తేకూడదని మేడమ్ ఆదేశం.

విధేయుడు,
రికార్డుల గుమాస్తా

తా.క.: వెల్లుల్లి సంగతి నేను మేడమ్‌కి చెప్పలేదు.

*

గుమాస్తాగారికి,

నమస్కారం. నా వల్ల ఆ పిల్ల మార్కులు పోతాయని భయమేసింది. నా గంట ఇంకెవరికైనా ఇచ్చేయమని చెప్పడానికి నిన్న ఖాళీ చేతులతో వచ్చాను. ఆ అమ్మాయి నా చేతుల వంక చూసి, "ఇంట్లో బఠాణీలు ఎవరితో కూర్చుని వొలిచేవారండీ?" అంది.

ఆ ప్రశ్న నా జాబితాలో లేదు. మా అత్తగారితో అన్నాను. నాలుగేళ్లు మంచం మీదే ఉన్నారావిడ. రెండింటికి మాత్ర వేసి, పక్కమీదే కాయలు పోసుకుని ఇద్దరం వొలిచేవాళ్లం. "గింజలన్నీ నీ వైపే, తొక్కలన్నీ నా వైపే" అని నాతో రోజూ పేచీ పెట్టుకునేవారు. ఆవిడ పోయి మూడు నెలలు. పని తగ్గింది, మందుల ఖర్చు తగ్గింది, కనుక దాన్ని బాధల కింద రాయలేదు. రెండయితే మాత్రం చెయ్యి మాత్రల డబ్బా మీదికి పోతుంది.

అది చెప్పాక ఏడుపు ఆగలేదు. ఆ అమ్మాయి గడియారం చూడలేదు. నేనే చూశాను. ఇరవై రెండు నిమిషాలు ఎక్కువ వాడేశాను. నిమిషానికి రెండు చొప్పున నలభై నాలుగు జతచేశాను. అమ్మాయి రమ్మంది కనుక వచ్చేవారమూ వస్తాను.

ఇట్లు,
మంగళవారం రెండు గంటల మనిషి

తా.క.: ఇవాళ రెండు ఎప్పుడయిందో చూసుకోలేదు. చూసేసరికి రెండూ పది.

*

అమ్మా,

మీ నలభై నాలుగూ తిప్పి పంపుతున్నాను. మీ మొదటి ఉత్తరం వచ్చిన రోజే రిజిస్టరు చివరి పేజీలో పెన్సిలుతో మీ పేర ఇరవై ఎనిమిది నిమిషాలు జమ రాసుకున్నాను. పద్ధతి లేదని మీకు రాసింది నిజమే. తీసివేత అంత పద్ధతిగా ఉంటే కొట్టేయడానికి చేతులు రాలేదు. ఇరవై రెండు పోను ఇంకా ఆరు మీవే.

మేడమ్ ఈసారి రికార్డు చివరిదాకా విన్నారు. అమ్మాయి మార్కులకి ఢోకా లేదు. పైగా గదిలో బఠాణీకాయల బుట్ట పెట్టించారు. గురువారాలు వచ్చే బస్సు డ్రైవరుగారు ఇన్నాళ్లూ పెదవి విప్పలేదని అందరికీ బెంగ. మొన్న అరకిలో వొలిచారు. ఏం మాట్లాడారో నాకు తెలియదు, తెలియకూడదు కూడా. తలుపు అవతలికి నవ్వు మాత్రం వినపడింది. అందుకు మా అందరి తరఫునా మీకు కృతజ్ఞతలు.

విధేయుడు,
రికార్డుల గుమాస్తా

తా.క.: సాయంత్రానికి గింజలన్నీ మేడమ్ ఇంటికి పోతున్నాయి. తొక్కలన్నీ నా వైపే.